చలికాలం స్నానపు నీళ్లు – రెండు వందల యూనిట్ల గీత
(సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో కరెంటు మాట వస్తే బాయికాడి మోటారు గురించే మాట్లాడుకుంటాం. ఈసారి ఇంటి మీటరు గురించి మాట్లాడుకుందాం. చలికాలంలో ఫ్యాన్లు బంద్, కూలర్లు బంద్. లెక్క ప్రకారం బిల్లు తగ్గాలి. అయినా కొన్ని ఇండ్లల్లో చలి మొదలైన నెలలోనే జీరో బిల్లు పోయి వెయ్యి రూపాయల బిల్లు చేతికొస్తుంది. ఎందుకొస్తుందో, ఎట్లా ఆపాలో చూద్దాం.

ముందు బిల్లు లెక్క. గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి తెల్ల రేషన్ కార్డున్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తున్నది. 200 దాటితే, దాటిన యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచి మొత్తం కట్టాలి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన గృహ రేట్ల ప్రకారం 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు యూనిట్‌కు 5 రూపాయల 10 పైసలు, ఆ పైన 300 దాకా 7 రూపాయల 70 పైసలు. అంటే 200 యూనిట్లు కాలిన ఇంటికి సున్నా. 201 కాలిన ఇంటికి 1,027 రూపాయల 70 పైసలు. స్థిర చార్జీ, ఇతర చార్జీలు దీనికి అదనం. ఒక్క యూనిట్‌కు వెయ్యి రూపాయలన్న మాట.

రేషన్ కార్డు లేని ఇంటికి కూడా ఆ గీత ఉంది. 200 యూనిట్లకు వారు కట్టేది 820 రూపాయలు. ఒక్క యూనిట్ ఎక్కువైతే మొత్తం స్లాబే మారి 1,027కు పోతుంది.

ఇప్పుడు చలికాలంలో ఈ గీత దాటిస్తున్నదేమిటో చూడండి. ఫ్రిజ్, టీవీ, లైట్లు, మిక్సీ, ఇంటి బోరు మోటారు కలిపి నెలకు 130 యూనిట్లు కాలే ఇల్లు అనుకుందాం. ఇంట్లో ఐదుగురు. తెల్లవారుజామున మిద్దె మీది ట్యాంకు నీళ్లు 17 డిగ్రీలకు దిగుతాయి. స్నానానికి 40 డిగ్రీలు కావాలి. 20 లీటర్ల బకెట్ నీళ్లను అంత వేడి చేయడానికి అర యూనిట్ కన్నా కొంచెం ఎక్కువే పడుతుంది. ఐదు బకెట్లకు రోజుకు రెండున్నర యూనిట్లు దాటుతుంది. నెలకు 80. 130కి 80 కలిపితే 210. జీరో బిల్లు పోయింది, 1,097 రూపాయలు వచ్చి పడ్డాయి.

దీనికి ఉపాయం కొనుక్కోవాల్సిన పని లేదు, అది మన బాయిలోనే ఉంది. చలికాలం పొద్దున బాయి నీళ్ల మీంచి ఆవిరి లేవడం చూడని రైతు ఎవరున్నారు? భూమి లోపలి నీళ్లు ఏ కాలంలోనైనా దాదాపు ఒకే వేడిమీద ఉంటాయి, మన దిక్కు 27 డిగ్రీల దరిదాపు. రాత్రి ట్యాంకు నింపి పెట్టుకుంటే ఆ వేడి అంతా గాలిలో కలిసిపోతుంది. పొద్దున్నే మోటారు వేసి నేరుగా బోరు నీళ్లే బకెట్‌కు పట్టుకుంటే, 23 డిగ్రీలు పెంచాల్సిన చోట 13 డిగ్రీలు పెంచితే చాలు. 80 యూనిట్లు 45కు దిగుతాయి. 130కి 45 కలిపితే 175. ఇల్లు అదే, మనుషులు అంతే, హీటరు అదే, బిల్లు సున్నా. బోరు లేని వాళ్లు బోరింగు దగ్గర నీళ్లు పట్టుకున్నా ఇదే లెక్క.

ఇంకొక పద్ధతి, నల్ల రంగు వేసిన డ్రమ్మును ఎండలో పెట్టడం. పొద్దంతా ఎండలో ఉన్న నీళ్లు సాయంత్రానికి గోరువెచ్చగా ఉంటాయి. పొలం నుంచి వచ్చి సాయంత్రం స్నానం చేసేవారికి హీటరు అవసరమే రాదు.

హీటర్ల గురించి ఒక అపోహ ఉంది. తక్కువ వాట్ల హీటరు కొంటే కరెంటు మిగులుతుందని అనుకుంటాం. 1,500 వాట్లది త్వరగా కాచుతుంది, 1,000 వాట్లది ఆలస్యంగా కాచుతుంది. బకెట్‌కు కాలే యూనిట్లు మాత్రం దాదాపు ఒకటే. మిగిలేది నీళ్లు కాగగానే స్విచ్ ఆపేస్తేనే. ప్రాణం సంగతి కూడా చెప్పాలి. కడ్డీ హీటరు ప్లగ్గు పీకాకే నీళ్లలో చేయి పెట్టాలి. ఇనుప బకెట్ వాడొద్దు. ఇంటికి ఎర్తింగు సరిగ్గా ఉందో లేదో ఒకసారి చూపించుకోండి.

కట్టెల పొయ్యి మీద కాగు పెట్టే ఇండ్లు ఇంకా ఉన్నాయి. కంది కట్టె, పత్తి కట్టె, మక్క బెండ్లు మన చేతిలో ఉన్న ఇంధనమే. వాడుకోండి. పత్తి కట్టెతో మాత్రం జాగ్రత్త. దానిని వానాకాలం దాకా వాము పెట్టి ఉంచితే గులాబీ రంగు పురుగు అందులో దాగి మళ్లీ పంట మీదికి వస్తుంది. వేసవిలోపే వాడి ముగించండి. నీళ్ల పొయ్యి ఇంటి బయట ఉండాలి. చలికి కుంపటి పెట్టుకుని తలుపులు మూసి పడుకోవడం ప్రాణం తీసే పని. బొగ్గు పొగలో వాసన రాని విషవాయువు ఉంటుంది. ముసలివాళ్లున్న ఇంట్లో ఈ మాట తప్పకుండా చెప్పండి.

ఇంటిపైన సోలార్ పలకల గురించి చాలామంది అడుగుతున్నారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు, ఆ పైన 78 వేల సబ్సిడీ ఉంది. ఒక కిలోవాట్ నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తుంది. ఏడాది పొడవునా 200 దాటే ఇంటికి ఇది లాభం. రెండు నెలలే దాటే ఇంటివాళ్లు అప్పు చేసి పలకలు పెట్టే ముందు బోరు నీళ్ల లెక్క వేసుకోండి.

ఇక సంఘంగా మన బాధ్యత. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలకు కరెంటు ఇచ్చేది ఉత్తర డిస్కం. సిరిసిల్లలో 1970 నుంచి సహకార విద్యుత్ సరఫరా సంఘం, మనం సెస్ అనేది, ఇస్తున్నది. అక్కడ వినియోగదారులే సభ్యులు. 2022 డిసెంబరులో పాలకవర్గానికి ఓటు వేసింది మీరే. కాబట్టి సిరిసిల్ల సభ్యులు మాట అడగాల్సిన చోటు మీ మహాసభ. జగిత్యాల, కోరుట్ల సభ్యులకు డిస్కం వినియోగదారుల ఫోరం ఉంది. రేట్లు ఖరారు చేసే ముందు విద్యుత్ నియంత్రణ మండలి పెట్టే బహిరంగ విచారణ ఉంది. అక్కడ ఏ రైతైనా నిలబడి మాట్లాడవచ్చు.

మనం అడగాల్సింది రెండు మాటలు. ఒకటి, 200 దాటిన ఇంటికి దాటిన యూనిట్ల వరకే బిల్లు వేయాలి. చలికి పసిపిల్లకు, బాలింతకు వేడి నీళ్లు పెట్టిన ఇల్లు పది యూనిట్ల కోసం నెల రాయితీ మొత్తం పోగొట్టుకోవడం న్యాయం కాదు. రెండు, నెలలో ఒకే తేదీన రీడింగు తీయాలి. 35 రోజుల రీడింగు వస్తే అదనపు రోజులను ఎట్లా లెక్కించారో వినియోగదారుడికి చెప్పాలి.

ఇవి పెద్ద కోరికలేమీ కావు. కరెంటు చార్జీల మీద పోరాటంలో 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ప్రాణాలు పోయాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. అడగకుండా రైతుకు ఏదీ రాలేదు. అడిగేటప్పుడు చేతిలో లెక్క ఉండాలి.

అందుకే ఒక పని చేయండి. రీడింగు తీసిన రోజు నుంచి వారానికొకసారి మీటరు మీది అంకె ఇంట్లో క్యాలెండరు మీద రాయండి. వారానికి 46 దాటితే నెల చివర గీత దాటుతుందని గుర్తు. అప్పుడే నీళ్ల పద్ధతి మార్చుకోండి. గీత దాటిన బిల్లులు పారేయకుండా వచ్చే సమావేశానికి తీసుకురండి. మూడు ప్రాంతాల బిల్లులు ఒక్కచోట పెట్టి అర్జీ రాద్దాం.

సెలవు.