కారులో గాలి రాకపోతే

ఎండాకాలం నల్లగొండ నుంచి మిర్యాలగూడకో, జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్‌కో పోతుంటే కారులో బ్లోయర్ ఆగిపోయిందనుకోండి. ఏసీ గ్యాస్ అయిపోయిందని తొందరపడకండి. గ్యాస్ తగ్గితే గాలి వస్తుంది, చల్లదనమే ఉండదు. గాలే రాకపోతే చూడాల్సింది ఫ్యూజు, స్విచ్చి, ఫ్యాను వేగం తగ్గించే రెసిస్టర్, మోటారు. హీటర్‌కైనా ఏసీకైనా గాలి విసిరేది సాధారణంగా ఈ ఒక్క బ్లోయర్ ఫ్యానే.

నాబ్ తిప్పే కార్లలో గాలి 4వ నంబరులోనే వచ్చి 1, 2, 3లో రాకపోతే మోటారు బాగున్నట్టే. చాలాసార్లు పోయేది రెసిస్టర్, అది మోటారు కంటే చవక. మన దుమ్ముకు క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోయినా గాలి సన్నగిల్లుతుంది. ఫ్యూజు మాటిమాటికీ కాలిపోతుంటే మాత్రం ఎక్కువ ఆంపియర్లది వేయించకండి, వైర్లు అంటుకునే ప్రమాదం ఉంది.

మంచి మెకానిక్ ముందు మోటారుకు కరెంటు అందుతోందో లేదో మీటరు పెట్టి చూస్తారు, ఆ తర్వాతే పార్టు పేరు చెబుతారు. అలాంటివారిని నేను నమ్ముతాను, బేరమాడి నొప్పించను. మార్చిన పాత పార్టు చూపించమనండి, బిల్లు అడగండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం బిల్లు ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా చూస్తుంది. ఫిర్యాదు చేయాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.