ఎవరి పాత? ఎవరి కొత్త?
(దళిత కళాకారుల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



‘పాత సంగీతమే సంగీతం, ఇప్పటిదంతా మోత’ అని పెద్దమనుషులు అంటుంటరు. వాళ్లు చెప్పే పాతలో త్యాగయ్య ఉంటడు, ఘంటసాల ఉంటడు. మన తాతలు కొట్టిన దరువు మాత్రం ఉండదు. కాబట్టి ఈ చర్చలోకి దిగేముందు, మీరు చెప్పేది ఎవరి పాత అని అడగాలె.

కచేరీ సంగతే చూద్దాం. మృదంగానికి ఆవు తోలు, బర్రె తోలు, మేక తోలు కావాలె. ఆ తోలు ఏరి, శుభ్రం చేసి, బిగించి, నాదం పలికించేది ఎవరు? తంజావూరులో తరతరాలుగా ఆ పని చేస్తున్నది ఎక్కువగా దళిత క్రైస్తవ కుటుంబాలు. కర్ణాటక సంగీత గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో వాళ్ల మీద ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అనే పుస్తకం రాసిండు. తోలు పని చేసినోడు అంటరానోడు, ఆ తోలు మీద తాళం వేసినోడు విద్వాంసుడు! ఇదీ వాళ్లు మురిసిపోయే పాత.

మన పాత కూడా అంతా తీపి కాదు. డప్పు మన కళే. కానీ ఊళ్లో అది వెట్టి కూడా. దొర ఇంట్ల చావైతే కొట్టాలె, జాతరకు కొట్టాలె, చాటింపుకు కొట్టాలె. గుడి బయటే నిలబడి కొట్టాలె. కూలి అడిగితే తప్పు. అందుకే ఎన్నో పల్లెల్లో మనోళ్లు ‘ఇగ కొట్టం’ అని డప్పు దించిన్రు. అది కళను చంపుకోవడం కాదు, ఆత్మగౌరవం.

1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఆ నెత్తురు తర్వాత దించిన డప్పునే మళ్లీ ఎత్తుకున్నం. ఈసారి మన సభకు, మన ఊరేగింపుకు. 1994లో మొదలైన మాదిగ దండోర ఊళ్లోవాళ్ల చాటింపు మాటనే తన పేరు చేసుకున్నది. తోలూ అదే, చిర్రా అదే, కొట్టే చేతులూ అవే. ఎవరికోసం కొడుతున్నమన్నదే మారింది.

ఇప్పుడు కొత్త సంగతి. పెండ్లికి డీజే వచ్చింది, చావుకు ప్యాడ్స్ వచ్చినయ్. ప్లాస్టిక్ మూత డప్పుకు మంట సెగ అక్కర్లేదు, వానకు మెత్తబడదు. మోసేటోడికి అది సుఖమే, దాన్ని తిట్టను. క్యాసెట్టు వచ్చినప్పుడు మన పాట వాడవాడకు పోయింది. ఇప్పుడు సెల్‌ఫోన్ల పోతున్నది. యంత్రం మన శత్రువు కాదు.

తమిళనాడు పన్నైపురంలో దళిత కుటుంబంలో పుట్టిన ఇళయరాజా 1976లో పల్లె బాణీలతోనే సినిమాలోకి వచ్చిండు. 2025 మార్చిలో లండన్‌లో తన సింఫనీ వినిపించిండు. పల్లె పాటా, పడమటి వాద్యాలూ రెండూ ఆయనవే. మన పిల్లలు కీబోర్డు నేర్చుకుంటే డప్పు చిన్నబోదు.

ఇబ్బంది వేరే ఉన్నది. డప్పు దరువును యంత్రంలో దాచుకుని, డప్పు కొట్టేటోడిని ఇంటికి పంపుతున్నరు. పాట హిట్టయితే పేర్లు తెర మీద పడతయ్. దరువు ఎవరి వాడనుంచి వచ్చిందో పడదు. అప్పుడు మృదంగం దగ్గర జరిగిందే ఇప్పుడు స్టూడియోలో జరుగుతున్నది.

అందుకే మూడు పనులు చేద్దాం. ఒకటి, ప్రతి వాడలో ముసలోళ్లకు తెలిసిన దరువులన్నీ రికార్డు చేయాలె. వాళ్ల పేరు, ఊరు పేరు దాంట్లోనే పలకాలె. రెండు, రేటు ముందే మాట్లాడుకోనిదే ఎవరి గడపలోనూ డప్పు కొట్టొద్దు. మూడు, ఆడపిల్లల చేతికీ డప్పు ఇయ్యాలె. ఇన్నాళ్లూ మనమే వాళ్లను దూరం పెట్టినం.

పాతదా కొత్తదా అని వాళ్లు వాదించుకోనీ. కూలి ఎవరికి, పేరు ఎవరికి అన్నది మనం తేల్చుకుందాం.

జై భీమ్!