రజోనివృత్తి కాలమున స్త్రీల యాహారము



సంఘాభివృద్ధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు పెద్దలు పలికిరి. నేను వంటయింటిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

పండ్రెండేండ్లు దాటిన పిదప మొదలగు రజస్సు ఏబదియవ యేట క్షయించునని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. ఆ నివృత్తితో శరీరమున ఈస్ట్రోజన్ అను స్రావము తగ్గును. అందుచే నెముకల సారము వడిగా క్షీణించునని నేటి వైద్యశాస్త్రము. వయోజన స్త్రీకి దినమునకు 1000 మిల్లీగ్రాములును, రజోనివృత్తి యైన స్త్రీకి 1200 మిల్లీగ్రాములును కాల్షియము వలయునని భారత వైద్య పరిశోధనా మండలి 2020లో నిర్ణయించినది.

మన యిండ్లలో జరుగునదేమి? మీగడపెరుగు మగవారికి, పాలు పిల్లలకు. అందరి విస్తళ్లు తీసిన పిదప అడుగంటిన కూరయు నీళ్లమజ్జిగయు నిల్లాలికి. పైగా ఏకాదశీ శనివారోపవాసములు!

నా గృహిణి యేబదియెనిమిదవ యేట పెరటిలో కాలుజారి పడగా మణికట్టు విరిగెను. ఆమె దినమున కేమి భుజించునని వైద్యుడు నన్నడిగెను. ముప్పదియేండ్లు బాలురను ప్రశ్నలడిగిన నేను ఆ యొక్క ప్రశ్నకు జవాబు చెప్పలేక తలవంచితిని.

ఉపాయము వ్యయసాధ్యము గాదు. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము గలదు. రాగిజావ, మునగాకు పప్పు, నువ్వుల చిమ్మిలి, గట్టిపెరుగు, ఉదయపుటెండలో నడక — ఇవి చాలవరకు మనకు సాధ్యములే.

సోదరీమణులారా! కడపట తినుట ధర్మమని భావింపకుడు. సోదరులారా! తీర్మానములు పుస్తకమున నుండును. ఈ రాత్రి యింటికేగి, ఆమెకును మీ సరసన పీటవేసి, మీ చేతితో పెరుగు వడ్డింపుడు.