గడ్డి పనికి ట్రాక్టర్: లెక్క షోరూంలో కాదు, చేలో వేయాలి

(సంఘం సమావేశంలో యంత్రాల కొనుగోలుపై చేసిన ప్రసంగ పాఠం)



సార్వా కోతలు దగ్గరపడ్డాయి. గడ్డి చుట్టలు కట్టే బేలర్ తీసుకుందామనుకుంటున్నాం, దానికి ఏ ట్రాక్టర్ మంచిది, ఏసీ క్యాబిన్ ఉన్నది కొనాలా, ముందు లోడర్ పెట్టించాలా అని సంఘం దగ్గరికి వచ్చి చాలామంది అడుగుతున్నారు. లక్షల రూపాయల అప్పుతో ముడిపడిన ప్రశ్న ఇది. అందుకే దీని గురించి వివరంగా మాట్లాడుకుందాం.

చేతికోతల కాలంలో పనలు కట్టి, కుప్ప వేసి, నూర్చి, గడ్డిని వాము వేసుకునేవాళ్లం. ఇప్పుడు కోత మిషన్ గడ్డిని చేలో వరసలుగా వదిలేసి పోతోంది. దాన్ని ఏరించాలంటే కూలీలు దొరకరు, దొరికినా గిట్టదు. వెనక మినుము వేయాలన్న తొందర ఒకటి. దాంతో కొందరు అగ్గిపెడుతున్నారు. అదే ఊళ్లో పాడి రైతు గడ్డి కోసం వెతుక్కుంటున్నాడు. కాబట్టి బేలర్ అవసరమే. దాన్ని లాగే ట్రాక్టర్ ఎలా ఉండాలన్నదే ఇప్పటి ప్రశ్న.

ముందు చూడాల్సింది పీటీవో

డీలరు చెప్పేది ఇంజన్ హెచ్‌పి. బేలర్‌ను తిప్పేది పీటీవో హెచ్‌పి. ఇంజన్ బలంలో పదో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, గేర్ల దగ్గరే ఖర్చయిపోతుంది. కనుక బేలర్ పుస్తకంలో ఎంత పీటీవో హెచ్‌పి కావాలని రాశారో చూసి, దానికి కొంత మిగులు కలుపుకుని ట్రాక్టర్ ఎంచుకోవాలి. చిన్న గుండ్రటి చుట్టలు కట్టే మిషన్‌కు 40 - 45 హెచ్‌పి తరగతి ట్రాక్టర్ సాధారణంగా సరిపోతుంది. పలకల కట్టలు కట్టే పెద్ద బేలర్‌కు 50, ఆపైన కావాలి.

రెండోది క్లచ్. గడ్డి వరస ఒకచోట పల్చగా, ఒకచోట ఒత్తుగా ఉంటుంది. ఒత్తుగా ఉన్నచోట ట్రాక్టర్ ఆగాలి, బేలర్ మాత్రం తిరుగుతూ ఉండాలి. సింగిల్ క్లచ్ బండిలో క్లచ్ తొక్కితే రెండూ ఆగిపోతాయి, గడ్డి లోపల ఇరుక్కుంటుంది. కనీసం డబుల్ క్లచ్ ఉండాలి. పీటీవోకు విడిగా లీవర్ ఉన్నది ఇంకా మేలు. పీటీవో 540 చుట్లు తిరుగుతుండగానే బండి నెమ్మదిగా నడిచే గేర్లు ఉన్నాయా లేదా అన్నది కూడా నడిపి చూడాలి.

మూడోది 50 హెచ్‌పి గీత. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పి దాటిన ట్రాక్టర్లకు కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాయి. ఆ ఇంజన్లలో ఎలక్ట్రానిక్ పరికరాలు, సెన్సార్లు ఎక్కువ. ధర పెరిగింది, ఊరి మెకానిక్ చేతికి అందని రిపేర్లూ పెరిగాయి. పనికి అవసరమైతే ఆ గీత దాటండి, గొప్ప కోసం దాటవద్దు.

ఈ అంకెలన్నీ డీలరు నోటి మాటగా నమ్మనక్కర్లేదు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలిస్తుంది. పీటీవో బలం, డీజిల్ ఖర్చు, లిఫ్ట్ ఎంత మోస్తుందన్నవి అందులో ఉంటాయి. ఆ నివేదిక చూపించమని అడగడం మన హక్కు.

క్యాబిన్ సోకా, అవసరమా?

దాళ్వా గడ్డి కట్టేది ఏప్రిల్, మే ఎండల్లో. చుట్టూ దుమ్ము, నూగు. బూజు పట్టిన గడ్డి దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. రోజుకు పది గంటలు, రెండు పంటలకూ అద్దెకు తిరిగే బండి అయితే క్యాబిన్‌ను సోకు అనలేం. అది డ్రైవరు ఆరోగ్యం. సొంత పదెకరాల కోసం ఏడాదికి నాలుగు రోజులు కూర్చునే బండికైతే ఆ లక్షలు దండగ. ముక్కుకు గుడ్డ కట్టుకుని, పైన టాప్ వేసుకుంటే సరిపోతుంది.

క్యాబిన్ కొనేవాళ్లు కంపెనీలో బిగించిందే తీసుకోండి. బండి బోల్తా పడితే మనిషిని కాపాడే చట్రం అందులో ఉండాలి. ఊళ్లో వెల్డింగ్ చేయించిన రేకుల గదికి ఆ బలం ఉండదు. ఏసీ కూడా ఇంజన్ బలంలో కొంత తీసుకుంటుంది, అది లెక్కలో వేసుకోండి. రేడియేటర్ జాలీకి, ఏసీ ఫిల్టర్‌కు గడ్డి నూగు పట్టేస్తుంది, రోజూ దులపాలి. మీ పశువుల పాక ఎత్తు, డొంకదారి చెట్ల కొమ్మలు, చేల మీద వేలాడే కరెంటు తీగలు కూడా ముందే చూసుకోండి.

లోడర్ ఎవరికి?

మన దగ్గర కట్టే చిన్న చుట్టను మనిషి ఒక్కడే ఎత్తగలడు. దాన్ని ఒక్కొక్కటిగా ఎత్తడానికి లోడర్ అక్కర్లేదు. ఒకేసారి పది, పన్నెండు చుట్టలను పట్టుకునే పంజా ఉంటేనో, పెద్ద కట్టలు కడితేనో, మిగతా కాలంలో పెంట, మట్టి ఎత్తే పని ఉంటేనో లోడర్ ఖర్చు తిరిగొస్తుంది.

లోడర్ పెడితే బరువంతా ముందు ఇరుసు మీద పడుతుంది. దానికి ఫోర్‌వీల్ డ్రైవ్, పవర్ స్టీరింగ్, ముందుకూ వెనక్కూ తేలిగ్గా మార్చే గేరు కావాలి. వెనక ఎదురు బరువు తప్పనిసరి. లోడర్ బిగిస్తే వారంటీ నిలుస్తుందో లేదో కాగితం మీద రాయించుకోండి. ఇంకో సంగతి. మన డెల్టా చేలు కోతల తర్వాత కూడా మెత్తగానే ఉంటాయి. క్యాబిన్, లోడర్, ఫోర్‌వీల్ అన్నీ కలిసిన బరువైన బండి తడి చేలో దిగితే గాడులు పడతాయి, మొలిచిన మినుము నలిగిపోతుంది. లోడర్ బండిని కళ్లం దగ్గర, రోడ్డు పక్కన ఉంచి, చేలోకి తేలికైన బండి పంపడమే మంచిది.

అప్పు లెక్క

ఉదాహరణకు ట్రాక్టర్, బేలర్ కలిపి పది లక్షల అప్పు చేశామనుకుందాం. పది శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు. మొదటి ఏడాది అసలు రెండు లక్షలు, వడ్డీ లక్ష, మొత్తం మూడు లక్షలు కట్టాలి. డీజిల్, తాడు, డ్రైవరు ఖర్చులు పోను చుట్టకు 15 రూపాయలు మిగిలితే 20,000 చుట్టలు కట్టాలి. ఎకరానికి 40 చుట్టలు వస్తాయనుకుంటే అది 500 ఎకరాల గడ్డి. రోజుకు 500 చుట్టల చొప్పున 40 రోజులు వాన లేకుండా దొరకాలి. తుపాన్లు వచ్చే కార్తీక, మార్గశిర మాసాల్లో అన్ని ఎండు రోజులు దొరుకుతాయా? తడి గడ్డి చుడితే లోపల వేడెక్కి బూజు పడుతుంది, కొన్నవాడు మళ్లీ రాడు.

పదెకరాల రైతు ఒంటరిగా ఈ బరువు మోయలేడు. ఊళ్లో ఒకరిని చూసి ఒకరు నాలుగు బేలర్లు కొంటే నలుగురూ మునుగుతారు. ఒకటి కొని నలుగురూ వాడుకుంటే నలుగురూ తేలతారు. అందుకే మన మాట ఒక్కటే: గడ్డి యంత్రాలు సంఘంగా కొనాలి. ఎవరి చేను ముందు, ఎవరిది తర్వాత అన్న వరస కోతలకు ముందే రాసుకోవాలి. చుట్ట రేటు, రిపేరు నిధి పుస్తకంలో ఉండాలి. అప్పుడు క్యాబిన్ ఖర్చూ లోడర్ ఖర్చూ పదిమంది మీద పడి తేలికవుతాయి.

ఒక జాగ్రత్త. గడ్డి ఇరుక్కుంటే పీటీవో, ఇంజన్ రెండూ ఆపాకే చెయ్యి పెట్టండి. పీటీవో షాఫ్టు మీది ప్లాస్టిక్ తొడుగు తీయవద్దు. పంచె, కండువా, చీరకొంగు దాని దగ్గరికి రాకూడదు.

ఇక ప్రభుత్వాన్ని మనం అడగాల్సినవి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లు, బేలర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు బిల్లులో కనబడాలి. కేంద్ర యాంత్రీకరణ పథకం కింద అద్దె యంత్రాల కేంద్రాలకిచ్చే సబ్సిడీ కోతలు అయిపోయాక కాదు, కోతలకు ముందు అందాలి. చేలో సాగు చేసే కౌలు రైతుకు ఆ సంఘాల్లో సమాన చోటు ఉండాలి. పరీక్షా నివేదికల సారాంశం తెలుగులో రైతు సేవా కేంద్రం గోడ మీద పెట్టాలి.

ప్రతి గ్రామ శాఖ ఈ నెలలోనే కూర్చుని మూడు అంకెలు రాయండి: ఊళ్లో ఎన్ని ఎకరాల గడ్డి ఉంది, ఎన్ని పశువులున్నాయి, ఇప్పటికే ఎన్ని బేలర్లున్నాయి. ఆ మూడూ చేతిలో పెట్టుకుని అప్పుడు షోరూంకు వెళదాం. వెళ్లేటప్పుడు ఒక్కరుగా వద్దు, పదిమందిమి కలిసి వెళదాం.