మొక్కకి డాక్టర్ లేడు, కానీ జ్ఞాపకం ఉంది

మనకి జబ్బు చేస్తే రోగంతో పోరాడే కణాల్ని రక్తం ఒళ్లంతా మోసుకెళ్తుంది. మొక్కకి రక్తం లేదు, పారిపోవడానికి కాళ్లూ లేవు. మరి తెగులు వస్తే అదేం చేస్తుంది?

1961లో అమెరికా శాస్త్రవేత్త ఫ్రాంక్ రాస్ ఒక రకం పొగాకు మొక్క కింది ఆకులకి మొజాయిక్ వైరస్ అంటించారు. కొన్ని రోజులయ్యాక అదే వైరస్‌ని పై ఆకులకి అంటిస్తే, మచ్చలు తక్కువగా, చిన్నగా వచ్చాయి. అంటే కింద దెబ్బ తగలగానే పై ఆకులకి కబురు వెళ్లిపోయిందన్నమాట! నేను కోడ్ రాసే రోజుల్లో ఒక సర్వర్‌కి సమస్య వస్తే మిగతావాటికి అలర్ట్ వెళ్లేలా పెట్టేవాళ్లం. మొక్క ఆ పని కోట్ల ఏళ్లుగా చేస్తోంది.

1979లో రేమండ్ వైట్ పొగాకు ఆకుల్లోకి ఆస్పిరిన్ ఎక్కించి చూశారు. అవీ వైరస్‌ని బాగా తట్టుకున్నాయి! కారణం తర్వాత తేలింది. ఆస్పిరిన్‌కి దగ్గరి చుట్టం సాలిసిలిక్ యాసిడ్. దాన్ని మొక్క తనే తయారుచేసుకుంటుంది. రోగాల మీద రక్షణకి అదొక స్విచ్.

ఆకు నమిలే పురుగులకి ఇంకో స్విచ్ ఉంది, జాస్మోనిక్ యాసిడ్. పురుగు టమాటా ఆకు కొరికితే, మొక్క తన ఆకుల్లో కొన్ని ప్రొటీన్లు పెంచుతుంది. అవి తిన్న పురుగుకి తిండి సరిగ్గా అరగదు, ఎదుగుదల తగ్గుతుంది.

అయితే ఇదంతా ఫ్రీగా రాదు. రక్షణకి ఖర్చుపెట్టిన శక్తి ఎదుగుదలకి తగ్గుతుంది. అందుకే మొక్క ఈ స్విచ్‌లని ఎప్పుడూ ఆన్‌లో ఉంచదు.

ఇక్కడే మనం జాగ్రత్తపడాలి. వరికి యూరియా ఎక్కువ వేస్తే చేను నల్లగా, ఏపుగా కనిపిస్తుంది. కానీ ఆకు మెత్తబడుతుంది, రసంలో నత్రజని పెరుగుతుంది. సుడిదోమకి అది విందు భోజనం. అగ్గితెగులుకీ అదే అదను. అప్పుడు కంగారుగా ఏ మందు పడితే అది కొడితే, దోమని తినే సాలీళ్లు కూడా చచ్చిపోతాయి. దోమ మళ్లీ పెరుగుతుంది, మందు ఖర్చూ పెరుగుతుంది.

మొక్కకి రోగనిరోధక శక్తి ఉంది కదా అని మందే అక్కర్లేదని నేననను. పైన చెప్పిన పొగాకులో మచ్చలు తగ్గాయి, పూర్తిగా పోలేదు. కానీ ఇంట్లో నాన్న ఇంకో బస్తా యూరియా వేద్దామంటే, ముందు మట్టి పరీక్ష చేయిద్దామనండి. మందు కొట్టేముందు దుబ్బులు పక్కకి వంచి, మొదళ్ల దగ్గర దోమ ఉందో, సాలీళ్లు ఉన్నాయో చూడండి. మొక్క తన పని తాను చేస్తోంది. దానికి మనం అడ్డుపడకపోతే చాలు.