ఉక్కపోతకు ఓర్చు పాత గులాబులు

కాకినాడలోని మా పెరటికి సముద్రపు గాలి నిత్యము తగులుచుండును. ఒకమారు మేము ఒక తోటవారి పట్టికలోని బొమ్మలకు మురిసి ఎనిమిది అంటు గులాబులను తెప్పించితిమి. శీతకాలమున అరచేయంత పూవులు పూచినవి, చూడవచ్చినవారు మెచ్చుకొనిరి. వానలు పట్టిన పిదప ఆకులు నల్లమచ్చలు వేసి రాలినవి. కొమ్మలు కొననుండి మొదటికి ఎండినవి. దీపావళినాటికి మిగిలినవి రెండు. నూతిగట్టు ప్రక్కన ఎవరు నాటిరో మరచిన పన్నీరు గులాబి మాత్రము ఏమియు ఎరుగనట్లు పూచుచునే యుండెను. శ్రోతలలో పలువురకు ఇట్టి అనుభవము కలిగియే యుండును.

ఎడ్వర్డు గులాబి యనునది ఇదియే. చైనా గులాబికిని దమాస్కు గులాబికిని పుట్టిన సంకరము. నేడు రీయూనియన్ అనబడు బూర్బన్ ద్వీపమున ఇట్టి సంకరమును 1817లో బ్రెయాన్ అను ఫ్రెంచివాడు గుర్తించి, విత్తనములను పారిస్ నగరమునకు పంపెను. బూర్బన్ తరగతికి అదియే మూలము.

1867లో వెలువడిన 'లా ఫ్రాన్స్'కు పూర్వపు తరగతులను పాత గులాబు లందురు. పాతవన్నియు మనకు పనికిరావు. గాలికా, ఆల్బా జాతులకు చలినిద్ర కావలెను. అది లేనిచో పూవు రాదు. చైనా, టీ జాతులకు ఆ నిద్రతో పనిలేదు. ఏడాది పొడుగున చిగిర్చి పూచును. లేత గులాబిరంగు 'ఓల్డ్ బ్లష్', ఎఱ్ఱని 'లూయీ ఫిలిప్', కాషాయపు పసుపు ఛాయ మొగ్గల 'సఫ్రానో' మొదట నాటదగినవి. 'సువెనీర్ ద లా మాల్మెజాన్' మిక్కిలి సొగసైనదే కాని, రేకుల దట్టము వలన వానలో మొగ్గ విచ్చకయే కుళ్లును. దానిపై ఆశ మేము వదలుకొంటిమి.

నల్లమచ్చ శిలీంధ్రము అంటుకొనుటకు ఆకు సుమారు ఏడు గంటలు తడిగా నుండవలెను. కావున సాయంకాలము ఆకులపై నీరు చల్లరాదు. ఉదయమే మొదట పోయవలెను. మొక్కకు మొక్కకు గాలి ఆడునంత ఎడము విడువవలెను. టీ గులాబులను హైబ్రిడ్ టీ గులాబులవలె మోకాలియెత్తునకు నరికినచో కోలుకొనుట కష్టము. ఎండుకొమ్మలు తీసిన చాలును.

కడియము తోటలకు వెళ్లువారు సంక్రాంతికి గాక భాద్రపదమున వెళ్లుట మేలని మా అభిప్రాయము. అప్పుడు పూవును గాక క్రింది ఆకులను చూడుడు. వానలకు ఓర్చి అవి పచ్చగా నిలిచియున్న మొక్కనే తెచ్చుకొనుడు. మేము ఈ యేడు ఏమియు కొనలేదు. నూతిగట్టు గులాబినుండి జానెడు కొమ్మలు పది కోసి, నీడపట్టున ఇసుక కలిపిన మట్టిలో గ్రుచ్చితిమి. ఏడు చిగిర్చినవి.