వింత వార్త విన్నప్పుడు

వింత వార్త విన్నవారు సామాన్యముగా మూడు విధములుగా బదులు చెప్పుదురు. మొదటివారు "అంతా కోతలండీ!" అని త్రోసివేయుదురు. రెండవవారు "ఇందులో వింతేముంది? బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు" అందురు. మూడవవారు "అయితే మనకేమొచ్చె?" అని తుండుగుడ్డ దులుపుకొని లేచిపోవుదురు. ఈ మూడు మాటలును మా వేమూరు వైపు అరుగులమీదను, కాఫీ హోటళ్ళలోను, రైలు కొరకు కూర్చుండు బల్లలమీదను మేము తరతరములుగా అనుచున్నవే. వీనిలో చమత్కారము కలదు. విన్నదెల్ల నమ్మని నిబ్బరము కూడ కొంత కలదు. కాని మూడింటికిని ఉమ్మడి గుణమొకటి యున్నది: అవి సంభాషణను ముగించును గాని విచారణను ప్రారంభింపవు.

వేమూరు తెనాలి-రేపల్లె రైలుమార్గముపై నున్న ఊరు. ఒకప్పుడు గుంటూరు జిల్లాలోనిది. 2022 నుండి బాపట్ల జిల్లాలోనిది. పూర్వము ప్రపంచవార్త ఇచటికి పత్రికలో ముద్రితమై రైలుమీద వచ్చెడిది. 1948లో విజయవాడ రేడియో కేంద్రము ఆరంభమైన పిమ్మట గాలిలోనే రాసాగినది. ఇప్పుడు ప్రతివారి జేబులోని ఫోనునకు గడియకొకటి వచ్చి పడుచున్నది. వార్త వచ్చు మార్గము మారినది, వేగము మారినది. మా మూడు బదుళ్ళు మాత్రము మారలేదు. అవి ఎక్కడ అక్కరకు వచ్చినవో, ఎక్కడ రాలేదో, జరిగిన కొన్ని సంగతులనుబట్టి చూతము.

1962 ఫిబ్రవరి 3 మొదలు 5 వరకు మకరరాశిలో అష్టగ్రహకూటమి సంభవించుననియు, దానితో ప్రళయము వచ్చుననియు దేశమంతట పుకారు పుట్టినది. అనేక స్థలములలో శాంతిహోమములు జరిగినవి. ప్రయాణములు మానుకొన్నవారును, శుభకార్యములు వాయిదా వేసికొన్నవారును కలరు. 5వ తేదీ గడచినది. 6వ తేదీ యథాప్రకారముగా తెల్లవారినది. భయపడినవారు "హోమాలు చేశాం గనుక గండం గడిచింది" అనిరి. నవ్వినవారు "ముందే చెప్పలేదా?" అనిరి. ఉభయులును తృప్తిపడిరి. ఉభయులలో ఎవరును క్రొత్తగా ఏమియు తెలిసికొనలేదు.

విచారించినచో ఆ వార్తలో రెండు భాగములు కలవు. సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని ఆకాశమున ఒకే వైపునకు చేరుట నిజము. ఎనిమిదవదగు కేతువు కంటికి కనబడు గోళము కాదు. చంద్రుని మార్గము సూర్యుని మార్గమును ఖండించు ఒక బిందువు. పోనీ, ఆ కూటమి యైనను భూమినుండి చూచువారికి తోచు వరుస మాత్రమే. ఆ గోళములనడుమ కోట్లకొలది మైళ్ళ దూరము ఎప్పటివలెనే యున్నది. కూటమి నిజము, ప్రళయము కల్ల. వార్తను మొత్తముగా నమ్మినవాడును, మొత్తముగా త్రోసివేసినవాడును ఈ రెండింటిని వేరుచేయలేదు. కళ్ళములో పని చేసినవారికి ఈ సంగతి చెప్పవలసిన పని లేదు. తూర్పారబట్టనిదే తాలు పోదు. తాలుతోకూడ గాదెకెత్తుట యెంత తెలివితక్కువో, గింజతోకూడ గాలికి వదలుట అంత తెలివితక్కువ.

1969 జూలైలో మనుష్యుడు చంద్రునిపై కాలుమోపెనన్న వార్తకు వచ్చు ప్రశ్నలలో కొన్ని చక్కనివి. "అమావాస్యనాడు వెళితే ఎక్కడ దిగుతారు బాబాయ్?" అనునది పరిహాసమునకు వేసిన ప్రశ్నయైనను, దానికి సమాధానము కలదు. అమావాస్యనాడు చంద్రుడు లేకపోడు. అతని వెలుగుపడిన భాగము మనవైపు ఉండదు, అంతియే. "వెళ్ళినవాళ్ళే వెళ్ళామని చెబితే సరా? సాక్ష్యమేదీ?" అనునది ఇంకను బలమైన ప్రశ్న. అయితే ప్రశ్న వేసినవాడు బదులు వచ్చువరకు కూర్చుండవలెను. ఆ యాత్రికులు చంద్రునిపై వెలుగును వచ్చిన దారినే త్రిప్పి పంపు అద్దముల పలక నొకదానిని ఉంచి వచ్చిరి. భూమినుండి లేజరు కిరణమును దానిపైకి పంపినచో ఇంచుమించు రెండున్నర సెకనులలో తిరిగి వచ్చును. ఈ విధముగా కాలమును కొలిచియే చంద్రుడు ఏటేట సుమారు 3.8 సెంటీమీటర్లు మనకు దూరమగుచున్నాడని తెలిసికొనిరి. ఈ కొలతలు అమెరికాలోనే గాక ఫ్రాన్సు దేశపు వేధశాలలో కూడ జరిగినవి. ఇంత సాక్ష్యము విన్న పిదపను "అంతా కోతలండీ" అనువానిని సందేహి యనరాదు. అతడును ఒక నమ్మకస్థుడే. తన మొదటి మాటనే గ్రుడ్డిగా నమ్మినాడు.

దూరపు వింతను మేము ఇట్లు శంకింతుము; దగ్గరి వింతను అసలు చెవిని పెట్టము. వేమూరునుండి రేపల్లె వైపు అదే రైలుదారిలో భట్టిప్రోలు కలదు. అచటి దిబ్బను 1892లో అలెగ్జాండర్ రీ అను పురావస్తు అధికారి త్రవ్వింపగా, బౌద్ధస్తూపగర్భమునుండి రాతిబరిణెలును, స్ఫటికపు బరిణెయును బయల్పడినవి. బరిణెలమీది వ్రాతలు క్రీస్తునకు పూర్వకాలమువి. దక్షిణదేశమున దొరకిన మిక్కిలి ప్రాచీనములగు వ్రాతలలో చేరినవి. ఆ లిపి అశోకుని శాసనముల లిపికి చుట్టమైనను, కొన్ని అక్షరముల రూపములు దాని సొంతము. రెండువేల యేండ్లకు పూర్వమే మన వరిచేల ప్రక్కన వ్రాయనేర్చినవారు ఉండిరన్న మాట ఏ విదేశమును గూర్చియో చదివినచో "ఔరా!" అందుము. ప్రక్కయూరి మాట గనుక "అయితే మనకేమొచ్చె?" అందుము.

వార్త మనవరకు వచ్చునన్న భయము పుట్టినప్పుడు ఈ నిర్లక్ష్యము ఒక్కసారిగా ఎగిరిపోవును. 1979 నాటి స్కైలాబ్ సంగతి అట్టిదే. అది 1973లో అమెరికావారు పైకి పంపిన 77 టన్నుల అంతరిక్షశాల. అది క్రిందికి దిగజారుచున్నదనియు, ఎచట పడునో ఖండితముగా చెప్పజాలమనియు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ మాట తెలుగు పల్లెలకు చేరునప్పటికి "మన నెత్తినే పడుతుందట" అని మారినది. ఇక రేపు లేదనుకొని కోళ్ళను మేకలను కోసికొని తిన్నవారి కథలు నేటికిని చెప్పుకొందురు. 2021లో ఆ పేరుతోనే ఒక తెలుగు చలనచిత్రము కూడ వచ్చినది.

అప్పటి లెక్కను కొంచెము చూతము. దాని శకలము ప్రపంచమున ఎవరో యొకరికి తగులుటకు 152లో ఒక వంతు అవకాశము కలదని అమెరికా అంతరిక్షసంస్థవారు అంచనా వేసిరి. వినుటకు ఇది భయము గొలుపు అంకెయే. కాని ఆ "ఎవరో యొకరు" నాటి 400 కోట్ల జనములో ఎవరైనను కావచ్చును. కావున అది ఫలానా వానికే తగులుటకు అవకాశము సుమారు 60,000 కోట్లలో ఒక వంతు. మొదటి అంకె విని వణకినవారు రెండవ అంకెను అడుగలేదు. 1979 జూలై 11న ఆ శకలములు హిందూ మహాసముద్రములోను, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరాన్స్ అను పట్టణ పరిసరములలోను పడినవి. ఎవరికిని గాయము కాలేదు. బహిరంగస్థలమున చెత్త వేసినందులకు అచటి స్థానికపాలనవారు అమెరికా సంస్థకు 400 డాలర్ల జుల్మానా విధించిరి. ముప్పది సంవత్సరముల పిదప, 2009లో, అమెరికాలోని ఒక రేడియో ప్రయోక్త తన శ్రోతలనుండి చందాలు ప్రోగుచేసి ఆ సొమ్ము చెల్లించెను. ఇది అరుగుమీద చెప్పినచో కోతయనియే అందురు, కాని జరిగినది.

కొన్ని వింతలను లెక్కలతో పనిలేకయే వంటయింటిలో పరీక్షింపవచ్చును. 1995 సెప్టెంబరు 21న వినాయక విగ్రహములు పాలు త్రాగుచున్నవని వార్త పుట్టి ఒక్క దినములో దేశమంతట ప్రాకినది. ఢిల్లీలో శాస్త్రజ్ఞులు రంగు కలిపిన పాలను గరిటెతో అందించి చూచిరి. గరిటెలోని పాలు విగ్రహమునకు తగిలినంతనే దాని ఒంటివెంట పలుచని పొరగా జారుచుండెను. తెల్లని రాతిమీద తెల్లని పాలు కనబడలేదు. రంగు వేయగా దారి కనబడినది. శ్రద్ధతో కొంచెము వంచి తాకించినచో తిరుగలిరాయియు పాలు త్రాగును. దేవునియందలి భక్తికి ఈ పరీక్షవలన లోపమేమియు లేదు. పోయినది అపోహ మాత్రమే. 2016లో రెండువేల రూపాయల నోటులో భూమిలో పాతినను జాడ తెలుపు యంత్రముండునని వచ్చిన మాటయు ఇట్టిదే. నోటును వెలుగునకు ఎత్తి చూచినచో తీరిపోవు సందేహమును లక్షలమంది ఒకరి ఫోనునుండి ఒకరి ఫోనునకు పంపుకొనిరి.

ఇంతవరకు చెప్పినవానిలో నమ్మినవారికి పోయినది కోడియో, గరిటెడు పాలో. నమ్మనివారికి పోయినది ఏమియు లేదు. అందువలన నమ్మకుండుటయే ఎల్లప్పుడును క్షేమమని తోచును. మా తీరప్రాంతము ఆ తలంపునకు వేరొక సమాధానము చూచినది.

1977 నవంబరు 19న వచ్చిన తుపాను చీరాల ప్రాంతమున తీరము దాటినది. సముద్రము సుమారు ఐదు మీటర్ల ఎత్తున లేచి దివిసీమమీద పడినది. ప్రభుత్వపు లెక్క ప్రకారమే చనిపోయినవారు దాదాపు పదివేలమంది; ఇతరుల అంచనాలు అంతకు ఎక్కువ. గాలివాన మా ప్రాంతపువారికి క్రొత్త కాదు. ఏటేట వినెడి హెచ్చరిక గనుక అలవాటు వలన పలుచబడినది. సముద్రము లేచి ఇంటికప్పు మీదుగా పోవుననుట సామాన్యునికి నమ్మశక్యము కాని మాట. కాని అది అంతకుముందు ఎన్నడును జరుగనిది కాదు. 1864 నవంబరు 1న బందరును ఉప్పెన ముంచినది. సుమారు ముప్పదివేలమంది మరణించిరి. 113 సంవత్సరములలో ఆ జ్ఞాపకము "పూర్వం ఎప్పుడో బందరు మునిగిందట" అను కథగా తగ్గిపోయినది. "అంతా కోతలండీ" అను మాట ఇచట అక్కరకు రాలేదు. జోస్యమును తలచుకొనుటయు అక్కరకు రాలేదు. జరిగిన తరువాత గుర్తుకు వచ్చు జోస్యము వాన వెలిసిన పిదప తెచ్చిన గొడుగు వంటిది. "మనకేమొచ్చె" అను మాట సంగతి చెప్పనక్కరయే లేదు.

1990 మే 9న మరియొక పెద్ద తుపాను కృష్ణ సముద్రములో కలియుచోటి సమీపమున తీరము దాటినది. ఈసారి హెచ్చరిక ముందుగా వచ్చినది. లక్షకు పైగా జనమును తీరమునుండి తరలించిరి. ప్రాణనష్టము వేయిలోపల నిలిచినది. అదియు స్వల్పము కాదు; కాని 1977తో పోల్చినచో పదవవంతు కూడ లేదు. ఆ తుపాను జాడను తెలుపుటకు ఉపగ్రహపు ఛాయాచిత్రములు తోడ్పడినవి. ఆకాశమున తిరుగు యంత్రము నెత్తిన పడునని 1979లో వణకినవారినే పదునొకండేండ్లకు ఆకాశమున తిరుగు యంత్రము కాపాడినది. మొదటి వార్తకు భయపడుట ఎంత అనవసరమో, రెండవ వార్తను లక్ష్యపెట్టుట అంత అవసరము. ఈ రెండింటిని వేరుచేయగలది విచారణయే. నవ్వును కాదు, భయమును కాదు.

కావున వింత వార్త విన్నప్పుడు అడుగవలసిన ప్రశ్నలు నాలుగు. దీనిని చూచినవారు, కొలిచినవారు ఎవరు? ఆ కొలతను వేరొకరు సరిచూచిరా? ఇట్టిది ఇంతకుముందు ఎప్పుడైనను, ఎచటనైనను జరిగినదా? ఈ మూడింటికి సమాధానము దొరకునంత వ్యవధి లేనప్పుడు నాలుగవది: నమ్మి మోసపోయిన నష్టమెంత, నమ్మక మోసపోయిన నష్టమెంత? తుపాను హెచ్చరిక విని ఒక రాత్రి గట్టి కట్టడములో గడపి, తెల్లవారి గాలి రానేలేదని తెలిసినచో పోయినది ఒక రాత్రి నిద్ర. వినక ఇంటనే యుండి గాలి వచ్చినచో పోవునది చెప్పనక్కర లేదు. అరుగుమీది పెద్దలు బేరము తెలిసినవారు; ఈ లెక్క వారికి కొత్త కాదు. ఎరువు కొనునప్పుడును, పిల్లకు సంబంధము చూచునప్పుడును పదిమందిని అడిగి, పది విధముల తరచి చూతురు. వార్త ఉచితముగా వచ్చును గనుక ఆ శ్రమ అనవసరమనుకొందురు.

పరిహాసమును మానుకొనవలెనని మేము చెప్పుట లేదు. తెనాలి చుట్టుప్రక్కల పుట్టి పరిహాసమును మానుట సాధ్యమును కాదు. "కోతలండీ" అను మాటను సంభాషణకు చివర గాక మొదట ఉంచుడని మాత్రమే మా మనవి. ఆ మాట అనినవానిని ప్రక్కనున్న మనుమడు "ఎలా చెప్పగలవు తాతయ్యా?" అని అడిగినచో విసుగుకొనక, ఇద్దరును కలిసి సమాధానమును వెదకుడు. రేపు నైరుతి బంగాళాఖాతములో వాయుగుండము ఏర్పడినదని రేడియో చెప్పినప్పుడు ఆ బాలునికి ఏ వార్తకు నవ్వవలెనో, ఏ వార్తకు మూట కట్టుకొని బయలుదేరవలెనో తెలిసియుండును.